మినిట్స్ బుక్కుల రాయనివి

"తీర్మానం నంబరు నాలుగు: ఏకగ్రీవం."
గంతే రాసిన.
కాని ఆ పొద్దు దేవరకొండ బస్టాండ్ ఎనక,
బట్టలు కుట్టే మస్తాన్ దుకాణం మీది అర్రల
మూడు గంటలు ఏం జరిగిందో
బుక్కుల పట్టదు.

మా 'కందిలి'కి ఓనరు లేడు.
నాలుగు పేజీలు, మూడు రూపాయలు,
పదిహేను దినాలకొకసారి.
దాన్ని నడిపిచ్చేటందుకు ఐదు కుర్చీలు.
జీతం లేదు, చాయ పైసలు గూడ ఎవరియి వాళ్లయే.

డబ్బుల పెట్టె ఖాజా మొయినొద్దీన్ సాబుది.
ముప్పై ఏండ్లు కండక్టర్ చేసిన చెయ్యి,
చందా రసీదు చింపితే ఇప్పటికీ
టికెట్ చింపినట్టే చప్పుడైతది.
చిల్లర లేదనుడు ఆయనకు రాదు.

సుదర్శనాచారి సారు ఒత్తుల కాడ కొట్లాడుతడు.
ఒకసారి బతికున్న మనిషిని 'మృతి' అని అచ్చేసినం,
చిత్రియాల దిక్కు మేకల ఎంకటయ్యను.
సారే ఎర్రటెండల సైకిలు మీద పోయి
ఆయన ముంగట నిలబడి తప్పు ఒప్పుకున్నడు.
ఎంకటయ్య నవ్వి, ముంతల కల్లు పోసి,
"నిజంగ సచ్చినప్పుడు గూడ
గింత పెద్దక్షరాలల్ల ఏస్తరా సారూ?" అన్నడంట.

రమావత్ కేస్లికి చదువు రాదు.
అందుకే అడిగి మరీ కూసోబెట్టుకున్నం.
అచ్చుకు పోయే ప్రతి ముక్క ఆమెకు చదివి వినిపియ్యాలె.
నొసలు ముడిచిందంటె మళ్ల రాయాలె.
'ప్రక్షాళన'ను మూడుసార్లు ఎనక్కి పంపింది.

ఒక కుర్చీ పగిళ్ల జంగయ్యది.
పోయిన చలికాలం ఖాళీ అయింది.
దాని మీద పాత పేపర్ల కట్ట పెడుతున్నం.

నడిమిట్ల ఈదమ్మ, మా అధ్యక్షురాలు.
అంగన్‌వాడీల ఆయాగ చేసి దిగిపోయింది.
ఆకుకు సున్నం రాసుకుంట అందరిది ఇంటది.

ఆ పొద్దు బల్ల మీద రెండు కాయిదాలు.
ఒకటి జిన్నింగు మిల్లోళ్ల దసర ప్రకటన, నిండు పేజి.
మూడు నెలల అచ్చు ఖర్చు ఎల్లిపోతది.
ఇంకోటి మంజుల తెచ్చిన వార్త:
అదే మిల్లు కాంటా మీద
కింటాలు పత్తికి నాలుగు కిలోలు మాయం.
పదకొండు మంది రైతుల చిట్టీలు, ఏలిముద్రలతోని.

ఖాజా సాబు లెక్క గట్టిండు. మళ్ల గట్టిండు.
అద్దాలు తీసి తుడుసుకున్నడు.
"ఇదేస్తే ఫిబ్రవరి దాక రెండు పేజీలే."
"ఏయకుంటె?" అన్నడు సారు.
"నాలుగు. కాని దాంట్ల ఏం రాస్తం?"

కేస్లి లేసింది.
"నా పత్తి గూడ ఆడనే జోకిన.
నాకు నష్టమున్నది. నేను చెయ్యెత్త."

ఫ్యాన్ తిరుగుతనే ఉన్నది.
ఈదమ్మ ఆకు మడత ఇప్పింది, మళ్ల మడిచింది.
"కాంటా కాడ కూసుండేటోడు నా తమ్ముని కొడుకు.
నేను గూడ ఎత్త. మీరిద్దరే తేల్చుండ్రి.
వాడు నాకేమైతడో మాత్రం వార్తలనే రాయుండ్రి.
ఆఖర్ల కాదు, మొదట్లనే."

ఇద్దరాడోళ్లు బయటికి పోయి
మెట్ల మీద కూసున్నరు.
లోపల రెండు చేతులు లేసినయి,
ఒకటి పెట్టె ఖాళీ కాబోయే మనిషిది.
నేను 'ఏకగ్రీవం' అని రాసిన.
సారు వంగి చూసి
'గ్రీ'కి గుడిదీర్ఘం సరిగ లేదన్నడు.

పేపరొచ్చిన దినం
ఈదమ్మే కట్ట సంకల వెట్టుకోని
మల్లేపల్లి బస్సుల కాడ అమ్మింది.
తమ్ముని కొడుకు వచ్చిండు.
ఐదు రూపాయల బిళ్ల చేతుల కొట్టి పేపర్ గుంజుకున్నడు.
"అత్తా" అనలేదు.
ఆమె కొంగుముడి ఇప్పి
రెండు రూపాయలు ఎతికి ఎతికి తీసింది.
వాడు తీసుకోకుంటనే పోయిండు.

ఆ రెండు రూపాయలు
ఖాజా సాబు పద్దుల ఇప్పటికీ ఉన్నయి,
'ఇయ్యవలసినవి' దిక్కు.